ఈ ఆటలు చేసేవాళ్లకి పిల్లలు లేరా?

 

పోయిన నెల తల్లిదండ్రుల సమావేశంలో ఏడో తరగతి అబ్బాయి వాళ్ల అమ్మగారు లేచి ఒక ప్రశ్న అడిగారు. "అయ్యవారూ, బడి నుంచి రాగానే మావాడు సంచీ ఒక మూల పడేసి ఫోను పట్టుకుంటాడు. పిలిచినా పలకడు. ఈ ఆటలు తయారుచేసేవాళ్లు ఎవరండీ? వాళ్లకి పిల్లలు లేరా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. అప్పటికేదో సర్దిచెప్పి కూర్చోబెట్టాను గానీ, ఇంటికి వెళ్లాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

నాకు ఈ ఆటలు తెలియవు. మా కాలంలో గోలీలు, బిళ్లంగోడు, అంతే. అందుకని మన పదో తరగతి పిల్లల్నే పిలిచి అడిగాను. మొదట తిడతానేమోనని భయపడ్డారు. తర్వాత ఆపినా ఆగలేదు. వాళ్లు చెప్పింది విని, ఆపైన నేను చదువుకుని, ఒక మనిషి గురించి మీకు చెప్పాలనుకున్నాను. జపాన్ దేశస్థుడు, పేరు షిగేరు మియామోతో. టోపీ, మీసం ఉన్న మారియో అనే బొమ్మను మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ బొమ్మను పుట్టించింది ఈయనే. సినిమాకి దర్శకుడున్నట్టే ఆటకీ ఒకరుంటారు. ఎవరు ఎటు కదలాలి, ఎక్కడ భయపెట్టాలి, ఎక్కడ ఊరట ఇవ్వాలి అన్నీ ఆయనే చూస్తాడు. మియామోతో దాదాపు యాభై ఏళ్లుగా చేస్తున్న పని అదే.

ఆయన 1952 నవంబరు 16న క్యోటో దగ్గర సొనోబె అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయుడు, మన జాతే. మరీ ఉన్నవాళ్లు కారు. చిన్నప్పుడు ఇంట్లో టీవీ లేదు. కొండలు, పొలాలు, వాగులు పట్టుకుని తిరిగేవాడు. అలా తిరుగుతూ ఒకరోజు ఒక గుహ చూశాడు. లోపల చీకటి. వెళ్లాలని ఉంది, భయంగానూ ఉంది. ఆ రోజు వెనక్కి వచ్చేసి, తర్వాత లాంతరు పట్టుకుని మళ్లీ వెళ్లి లోపలికి అడుగుపెట్టాడు. పొరుగింట్లో గొలుసుతో కట్టేసిన కుక్క ఒకటి ఉండేదట. వీడు అటు వెళ్తే మీదికి దూకేది, గొలుసు పట్టి వెనక్కి లాగేది. చాలా ఏళ్ల తర్వాత ఆ గుహా ఆటలోకి వచ్చింది, ఆ కుక్కా వచ్చింది. మారియో ఆటలో గొలుసుకు కట్టిన నల్లటి గుండు ఒకటి పళ్లు చూపిస్తూ మీదికి దూకుతుంది. పిల్లలకు తెలుసు.

ఇంకో సంగతి. ఈయనకు బొమ్మలు గీసే పిచ్చి. బొమ్మల కథల పుస్తకాలు గీసి బతకాలన్నది చిన్ననాటి కోరిక. ఇది చదివినప్పుడు నాకొక పాత విద్యార్థి గుర్తొచ్చాడు. లెక్కల నోటు పుస్తకం అంచుల నిండా లారీలు, కోళ్లు, ఎంజీఆర్ బొమ్మలు వేసేవాడు. ఆ పుస్తకం వాళ్ల నాన్నకు చూపించి తిట్టించింది నేనే. ఇప్పుడు అంగళ్లకు బోర్డులు రాస్తున్నాడు, అక్షరం ముత్యంలా రాస్తాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పనీ తగ్గిందని మొన్న బస్టాండులో కనబడి చెప్పాడు.

మియామోతో కనజావా ఊళ్లో కళల కళాశాలలో వస్తువుల రూపకల్పన చదివారు. అంటే కుర్చీ, సీసా, బొమ్మ లాంటివి వాడేవాళ్ల చేతికి ఎలా అనువుగా ఉండాలో ఆలోచించే చదువు. ఆ చదువుకు ఆయనకు అయిదేళ్లు పట్టింది. కంప్యూటర్ చదువు కాదు. అప్పుడు తండ్రి తన స్నేహితుడి ద్వారా నింటెండో అనే కంపెనీ యజమాని హిరోషి యమౌచితో మాట్లాడించారు. ఈ నింటెండో 1889లో పేకముక్కలు చేసే దుకాణంగా క్యోటోలో మొదలైంది. అప్పటికి బొమ్మలు, ఆట సామాన్లలోకి దిగింది. యజమాని ముందు, మాకు కావలసింది ఇంజినీర్లు గానీ చిత్రకారులు కాదు అన్నాడు. అయినా చూద్దాం, ఏదైనా చేసి తెమ్మన్నాడు. ఈ కుర్రాడు చిన్నపిల్లల బట్టలు తగిలించుకునే హ్యాంగర్లు చెక్కతో చేసి, జంతువుల ఆకారాలు చెక్కి, రంగులేసి పట్టుకెళ్లాడు. 1977లో ఉద్యోగం వచ్చింది. మొదటి మూడు నాలుగేళ్లు యంత్రాల పైపెట్టెలకు రూపం ఇవ్వడం, వాటి మీద బొమ్మలు వేయడం, ఇంతే పని.

తర్వాత జరిగింది కంపెనీ నష్టంతో వచ్చిన అవకాశం. 1980లో నింటెండో అమెరికాలో కొత్తగా శాఖ పెట్టింది. నాణెం వేసి నిలబడి ఆడే ఆట యంత్రాలు, రాడార్ స్కోప్ అనేవి, మూడు వేల దాకా అక్కడికి పంపింది. అవి ఓడలో చేరేసరికి జనానికి ఆ మోజు తీరిపోయింది. వెయ్యి అమ్ముడుపోయాయి, రెండు వేలు గోడౌనులో మిగిలిపోయాయి. కొత్త యంత్రాలు చేయడానికి డబ్బు లేదు. ఉన్న పెట్టెల్లోనే లోపలి ఆట మార్చి అమ్మాలి. ఆ పని మియామోతోకి అప్పగించారు. ఆయన ఒక్క ఆటా చేసినవాడు కాదు. పైన గున్‌పెయ్ యొకోయి అనే అనుభవజ్ఞుణ్ని పెట్టారు.

మొదట పాపాయ్ బొమ్మల కథతో ఆట చేద్దామనుకున్నారు, హక్కులు దొరకలేదు. అప్పుడు మియామోతో తనే కథ కట్టాడు. ఒక వడ్రంగి పెంచుకున్న గొరిల్లా అలిగి, అతని స్నేహితురాలిని ఎత్తుకుని, కడుతున్న భవనం పైకి ఎక్కేస్తుంది. పైనుంచి పీపాలు దొర్లిస్తుంది. వడ్రంగి వాటి మీంచి ఎగురుతూ పైకి వెళ్లి ఆమెను విడిపించాలి. ఆటలో ముందు కథ ఆలోచించి, దాని చుట్టూ ఆడే పద్ధతి అల్లడం అప్పటికి పెద్దగా లేదు. ఆట పేరు డాంకీ కాంగ్. మొండిఘటం అనే అర్థం రావాలని ఇంగ్లీషులో గాడిద మాట పెట్టాడట. అమెరికావాళ్లు పేరు విని ఇదేం పేరని నవ్వారు. మన ఊళ్లో అయితే వెంటనే అర్థమయ్యేది.

1981లో ఆ ఆట బయటికొచ్చింది. గోడౌనులో దుమ్ముపట్టిన రెండు వేల పెట్టెలూ పోయాయి, ఇంకా వేలకొద్దీ చేయాల్సి వచ్చింది. ఆ వడ్రంగికి అమెరికాలో తర్వాత మారియో అని పేరు పెట్టారు. ఆ గోడౌను యజమాని పేరు మారియో సెగాలె!

ఆ బొమ్మ ఎలా పుట్టిందో పిల్లలు శ్రద్ధగా చూడాలి. అప్పటి యంత్రాల్లో మనిషి బొమ్మకు దొరికే జాగా అటు పదహారు చుక్కలు, ఇటు పదహారు చుక్కలు. మీ అమ్మ సంక్రాంతికి వేసే చుక్కల ముగ్గు అనుకోండి. గీత గీయడానికి లేదు, చుక్కకు ఒక రంగు నింపాలి, అంతే. అంత చిన్న జాగాలో నోరు గీస్తే ముక్కు కనబడదు. కాబట్టి పెద్ద ముక్కు పెట్టి దాని కింద మీసం పెట్టాడు, ఇక నోటితో పనిలేదు. జుట్టు ఎగరడం చూపించడం కష్టం, టోపీ పెట్టాడు. చేతులు ఆడుతున్నట్టు తెలియాలంటే చొక్కా, ప్యాంటు వేరు వేరు రంగులు కావాలి, అందుకని కూలీలు వేసుకునే పట్టీల ప్యాంటు తొడిగాడు. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ ముఖంలో అందం కోసం పెట్టింది ఏదీ లేదు. ప్రతిదీ ఒక ఇబ్బందికి జవాబు.

ఇక్కడిదాకా చదివి నేను ఈయన్ని తెలివైన చిత్రకారుడు అనుకున్నాను. ఆ తర్వాత 1985 సెప్టెంబరు 13న వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట గురించి చదివాక, ఈయన అసలు పని మన పనేనని అనిపించింది. పాఠం చెప్పడం. ఆ ఆటను తకాషి తెజుకా అనే సహచరుడితో కలిసి రూపొందించారు, సంగీతం కోజి కొండోది. ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడే యంత్రం కోసం చేసింది. నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. మొత్తం ఆట 40 కిలోబైట్లు. మీ ఫోనులో ఒక్క ఫొటో దీనికి యాభై రెట్లకు పైగా ఉంటుంది. జాగా చాలక ఆకాశంలో మబ్బుకు వాడిన బొమ్మనే నేల మీద పచ్చరంగు వేసి పొదగా వాడుకున్నారు.

మన పదో తరగతి పిల్లవాడు ఒకడు నాకు దీని మొదటి మెట్టు ఆడించాడు. నేను ముందు ఓడిపోయాను, అది వేరే సంగతి. జరిగింది చెబుతాను.

మారియో తెరలో ఎడమ వైపున, కుడి దిక్కుకు తిరిగి నిలబడి ఉంటాడు. ముందంతా ఖాళీ. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలుగడుగులు వేయగానే గాలిలో ప్రశ్న గుర్తున్న పెట్టె ఒకటి మెరుస్తుంది. ఎదురుగా కనుబొమలు ముడుచుకుని ఒక చిన్న జీవి నడిచి వస్తుంది. తగిలితే మారియో చచ్చిపోతాడు. నేను తగిలాను. అయితే ఏం? మొదలుపెట్టి కొన్ని సెకన్లే అయింది, పోగొట్టుకున్నది ఏమీ లేదు. మళ్లీ మొదలు. ఈసారి చెయ్యి తనంతట తనే ఎగిరే మీట నొక్కింది. ఎగిరితే ఆ జీవి నెత్తిన పడ్డాను, అది అణిగిపోయింది. అలా కాకపోతే తల పెట్టెకు తగిలి ఒక నాణెం వచ్చేది. కొంచెం ముందుకెళ్తే ఇంకో పెట్టెలోంచి పుట్టగొడుగు వస్తుంది. అదీ ఇందాకటి శత్రువులాగే ఉంది కదా, నేను బెదిరాను. అది కుడికి జారి, కింద పడి, అక్కడున్న గొట్టానికి కొట్టుకుని వెనక్కి నావైపే వచ్చింది. తప్పించుకోవాలని ఎగిరితే పైన ఇటుకలకు తల తగిలి మళ్లీ దాని మీదే పడ్డాను. పడగానే మారియో రెండింతలు పెరిగాడు. ఇది మంచిదన్నమాట!

ఇదంతా అనుకోకుండా జరిగింది కాదు. ఆ గొట్టాన్ని అక్కడ పెట్టింది, ఆ ఇటుకలను అంత ఎత్తులో పెట్టింది, నాలాంటి తెలియనివాడు భయపడినా మంచి వస్తువు వాడికి అందాలని. ఆ మెట్టు చివరలో ఎదురెదురుగా రెండు మెట్ల దిబ్బలు ఉంటాయి. వాటి మధ్య నేల ఉంది, గురితప్పి పడినా ఏమీ కాదు. దాని తర్వాత అచ్చం అలాంటివే మరో రెండు. ఈసారి మధ్యలో గొయ్యి. ముందు నేల మీద సాధన, తర్వాత గొయ్యి మీద పరీక్ష. ఒక్క అక్షరం ముక్క లేదు, సూచనలు లేవు, తిట్టు లేదు.

ఇలాంటి మెట్లన్నీ మియామోతో, తెజుకా గ్రాఫ్ కాగితాల మీద చేత్తో గీసి ప్రోగ్రామ్ రాసేవాళ్లకు ఇచ్చేవారు. మార్పులుంటే పైన పల్చటి కాగితం పరిచి దాని మీద గీసేవారు. అన్నిటికన్నా తేలికైన ఈ మొదటి మెట్టును ముందు చేయలేదు. మిగతావి చాలావరకు అయ్యాక, ఆటలో ఏమేం తెలియాలో తమకు స్పష్టమయ్యాక చేశారు.

ఇంకో అలవాటు గురించి తర్వాత నింటెండో అధ్యక్షుడైన సతోరు ఇవాతా చెప్పేవారు. తయారవుతున్న ఆటను మియామోతో, ఆ ఆట ఎన్నడూ ముట్టుకోని ఉద్యోగి ఎవరినైనా పిలిచి వాళ్ల చేతికి ఇస్తారు. ఇచ్చి, ఏమీ చెప్పకుండా వెనక నిలబడి భుజం మీంచి చూస్తారు. వాళ్లు ఎక్కడ ఆగారు, ఎక్కడ తికమకపడ్డారు, దేన్ని చూడకుండా దాటిపోయారు. వాళ్లకు తెలియలేదంటే తప్పు వాళ్లది కాదు, ఆట చేసినవాళ్లది. మళ్లీ మార్చాలి.

నేను ముప్పై ఏళ్ల నుంచి పాఠాలు చెబుతున్నాను. బీఎడ్‌లో బోధనా పద్ధతులన్నీ చదివి పరీక్ష రాశాను. అయినా ఇలా వెనక నిలబడి నోరు మూసుకుని చూసింది చాలా తక్కువ. పోయిన వారం ఆరో తరగతిలో చేసి చూశాను. లెక్కల కాగితం పంచి, వెనక బల్ల దగ్గర నిలబడ్డాను. పన్నెండును ఎనిమిదితో హెచ్చించడం వచ్చిన పిల్ల, 'పన్నెండు, ఎనిమిదిల లబ్ధం ఎంత?' అన్నచోట కలం పెట్టేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దగ్గరికెళ్లి ఏమ్మా అంటే, "లబ్ధం అంటే ఏం సార్?" అంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, పుస్తకంలో మరో తెలుగు మోస్తున్నారు. ఆ పిల్లకు లెక్క రాదని ఇన్నాళ్లూ మార్కుల పట్టీలో సున్నాలు వేసింది మేము. ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్కల పుస్తకాల్లో ఇలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో ఇప్పుడు లెక్కల అయ్యవారు, నేను కలిసి ఏరుతున్నాం. ఇప్పటికి అరవై దాటాయి.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1986లో జెల్డా అనే ఆట. చేతిలో ఏమీ లేకుండా ఒక మైదానంలో నిలబెడతారు. పక్కనే గుహ. చిన్నప్పటి లాంతరు గుహే అది. 1996లో సూపర్ మారియో 64. బొమ్మ కుడి ఎడమలకే కాకుండా లోతుగా, అన్ని దిక్కులా తిరగగల ఆటలు ఎలా ఉండాలో మిగతా కంపెనీలన్నీ దీన్ని చూసే నేర్చుకున్నాయంటారు. దీనికి దర్శకుడు మియామోతోయే. ఆ తర్వాత ఎక్కువగా యువ దర్శకుల వెనక నిలబడి నడిపించారు. ఆలోచనలు మాత్రం ఇంటి నుంచే వచ్చాయి. పెరటి తోట పని నుంచి పిక్‌మిన్, ఇంట్లో కుక్కను పెంచుకున్నాక నింటెండాగ్స్, రోజూ బరువు చూసుకునే అలవాటు నుంచి వీ ఫిట్. సగం పూర్తయిన ఆటను బాగాలేదని మళ్లీ మొదటికి తెచ్చే గుణమూ ఉంది. దాన్ని ఆయన కింద పనిచేసేవాళ్లు భోజనం బల్ల తిరగేయడం అంటారు. వండినవాళ్ల ఏడుపు మనం ఊహించుకోవచ్చు.

అన్నీ గెలుపులే కావు. 2006లో వచ్చిన వీ యంత్రం పది కోట్లకు పైగా అమ్ముడుపోతే, దాని తర్వాత 2012లో వచ్చిన వీ యూ కోటిన్నర కూడా దాటలేదు. 1993లో మారియో మీద తీసిన సినిమా బోల్తా కొట్టింది. ముప్పై ఏళ్ల తర్వాత 2023లో బొమ్మల సినిమాగా మళ్లీ తీసినప్పుడు నిర్మాతల్లో ఒకరుగా మియామోతోయే కూర్చున్నారు. అది వంద కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. 2019లో జపాన్ ప్రభుత్వం సంస్కృతికి సేవ చేసినవారికిచ్చే గౌరవం ఇచ్చింది. ఆటల రంగం నుంచి అది అందుకున్న మొదటి మనిషి ఈయన.

ఇప్పుడు ఆ అమ్మగారి ప్రశ్నకు వస్తాను. అమ్మా, మీరు భయపడుతున్న ఫోను ఆటలు, నేను పైన చెప్పిన ఆటలు ఒకటి కావు. ఇప్పటి ఫోను ఆటల్లో చాలావాటిని ఉచితంగా ఇస్తారు, తర్వాత మధ్యలో ఆపి డబ్బు అడుగుతారు, లేదా రోజూ రాకపోతే నష్టమని బెదిరిస్తారు. అక్కడా భుజం మీంచి చూసేవాళ్లున్నారు. కానీ వాళ్లు చూసేది పిల్లవాడు ఎక్కడ తికమకపడ్డాడని కాదు, ఎక్కడ డబ్బు పెడతాడని. 2016లో మియామోతో ఫోను కోసం మారియో ఆట చేసినప్పుడు కొంత భాగం ఉచితంగా ఇచ్చి, మిగతాది ఒక్కసారి పది డాలర్లు కడితే చాలు, మళ్లీ అడగం అని పెట్టారు. పిల్లల తల్లిదండ్రులకు నిశ్చింతగా ఉండాలని. దానివల్ల కంపెనీ అనుకున్నంత డబ్బు రాలేదు. అయినా ఒక్క ధర పద్ధతే మంచిదని ఆయన తర్వాత కూడా వాదించారు. మీ అబ్బాయి ఫోనులో ఉన్నవి ఏ రకమో ఒకసారి వాడి పక్కన కూర్చుని చూడండి. లాక్కోకండి, ముందు చూడండి.

ఆయనకు పిల్లలున్నారు. ఇద్దరు. ఒక అమెరికా పత్రికవాళ్లు ఇంట్లో పద్ధతి ఏమిటని అడిగితే చెప్పారు: ఆట యంత్రాలన్నీ నావి, పిల్లలు నా దగ్గర అరువు తీసుకుని ఆడుకునేవారు. మాట వినకపోతే యంత్రం తీసేసుకునే హక్కు నాది, అది వాళ్లకూ తెలిసేది.  బయట ఎండ బాగుంటే బయటికెళ్లి ఆడుకోమనేవాణ్ని.

చివరగా పిల్లలకు ఒక మాట. ఈ పెద్దమనిషికి ఒక విచిత్రమైన సరదా ఉంది. ఏ వస్తువు కనబడినా దాని పొడవెంతో ముందు మనసులో అంచనా వేసి, తర్వాత టేపు పెట్టి కొలిచి చూసుకుంటారు. బల్ల, తలుపు, గది, ఏదైనా సరే. అంచనా ఎంత దగ్గరగా వచ్చిందా అని. లెక్కల అయ్యవారు ఆఫీసు గదిలో మూడు టేపులు ఉంచారు. ఆరు, ఏడు తరగతులవాళ్లు మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చి సంతకం పెట్టి తీసుకోవచ్చు. అంచనా ముందు రాయాలి, కొలత తర్వాత రాయాలి. దిద్దినవి చెల్లవు. నేను ముందే మొదలుపెట్టాను. మన బడి వరండా నలభై అడుగులనుకున్నాను, యాభై రెండు ఉంది.